కుంకుమ పొట్లం కింది అంచు

మా ఇంట్లో వారపత్రిక చదివేవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా తొంభైల మొదట్లో వారం వారం మూడు పత్రికలు కొనేవాళ్ళం. ధర్మవరం బస్టాండు ముందరి బంకులో నాయన పత్రిక అందుకుని, ఒక్క పేజీ తిప్పకుండా, ముఖచిత్రం మాత్రం వెలుతురుకు పట్టి చూసేవాడు. బంకాయన మొదట్లో విసుక్కుని, తర్వాత అలవాటు పడిపోయాడు. కథలు, సీరియళ్ళు, వంటలు, వారఫలాలు, ఇవన్నీ మా నాయన దృష్టిలో అట్ట వంగిపోకుండా వెనక కుట్టిన కాగితాలు. నేను పెద్దయ్యాక ఒక పత్రికలో పనిచేసి తెలుసుకున్నదేమిటంటే, ఆయన అంచనా పెద్ద తప్పేమీ కాదు.

నాయన పని పట్టుచీరలకు గ్రాఫు గీయడం. మగ్గం నెత్తిన జకార్డు అనే చెక్కపెట్టె ఉంటుంది. చిల్లులు కొట్టిన అట్టముక్కలను దండలాగా కుట్టి దానికి తగిలిస్తే, ఆ చిల్లులను బట్టి దారాలు లేచి అంచు మీద నెమలో హంసో పడుతుంది. ఏ చిల్లు ఎక్కడ పడాలో ముందుగా గళ్ళ కాగితం మీద ఎర్ర సిరాతో చుక్కలు పెట్టేది మా నాయన. ఒక గడి తప్పితే నెమలి ముక్కు విరుగుతుంది, ఇంకో గడి తప్పితే హంసకు మూడో కాలు వస్తుంది. అలాంటి మనిషి చేతికి ముఖచిత్రం ఇస్తే ఏం చేస్తాడు? అందులోనూ గళ్ళు లెక్కపెడతాడు.

లెక్కపెట్టాల్సిన అవసరం కూడా ఉండేది. ఆ రోజుల్లో పట్టుచీర కొనడానికి వచ్చే ఆడవాళ్ళు పత్రిక అట్ట చింపి, నాలుగు మడతలు పెట్టి, సంచిలో వేసుకుని వచ్చేవాళ్ళు. కదిరి నుంచి, నంబులపూలకుంట నుంచి, మడకశిర నుంచి వచ్చి, షాపులో తెల్ల పరుపు మీద కూర్చుని ఆ మడతలు విప్పి, "ఈయమ్మ కట్టుకున్న చీర కావాల" అనేవాళ్ళు. ఈయమ్మ అంటే మనిషి కాదు, బొమ్మ. అప్పుడు ముఖచిత్రాలన్నీ చిత్రకారులు రంగులతో వేసినవే. చెవులదాకా సాగిన కళ్ళు, మోకాళ్ళు దాటిన జడ, పిడికిట్లో పట్టే నడుము. ఆ నడుముతో మనిషి నిలబడడం మాట అలా ఉంచండి, ముద్ద మింగితే అది ఎటు పోవాలో నాకు అర్థమయ్యేది కాదు. మా అమ్మ అయితే, "బిందె చంకలో పెడితే రెండు ముక్కలైపోతాది" అని తేల్చేసింది.

అలాంటి ఒక బొమ్మతోనే ఒకసారి మా నాయన యుద్ధం చేశాడు. ఒక దీపావళి సంచిక మీద, ఆకుపచ్చ చీర కట్టుకుని ప్రమిద పట్టుకున్న ఒక బొమ్మ వచ్చింది. అంచు నిండా నెమళ్ళు. కదిరిలో టీచరుగా పనిచేసే ఒకావిడ ఆ అట్ట తెచ్చి, అచ్చం ఇలాగే కావాలని పట్టుబట్టింది. నాయన చేత ఎప్పుడూ పని చేయించుకునే పట్టుచీరల షావుకారు ఆ అట్టను మా ఇంటికి పంపాడు. నాయన ముక్కాలిపీట వేసుకుని, భూతద్దం పట్టి, రెండు రోజులు ఆ నెమళ్ళ మీదే కూర్చున్నాడు. మూడో రోజు నన్ను పిలిచాడు.

"పాపా, ఇట్ల రా. నడుముకాడ నెమలి యాపక్క సూస్తాండాది?"

"ఎడమపక్క."

"పాదాలకాడ?"

"కుడిపక్క."

"ఒకే అంచు కదమ్మా అది! మధ్యలో ఎందుకు తిరుక్కుంటాది నెమలి? ఏ మగ్గంమీద నేసినారప్పా దీన్ని?"

ఏ మగ్గంమీదా నేయలేదు. ఆ చిత్రకారుడు కుంచె ఎటు వాటంగా ఉంటే అటు నెమలి మూతి పెట్టేశాడు. కానీ టీచరమ్మ అచ్చం అలాగే కావాలంది, మా నాయనకు అచ్చం అంటే అచ్చమే. కుచ్చిళ్ళు పడే చోట అంచులో ఒక గుర్తు పెట్టి, అక్కడ అట్టల దండను వెనక్కి తిప్పించి నేయించాడు. చీర తయారైంది. టీచరమ్మ షాపులోనే చుట్టుకుని చూసుకుంది. సగం నెమళ్ళు తూర్పుకు, సగం పడమరకు. చిత్రంలో ఎంత తప్పుగా ఉందో ఒంటి మీదా అంతే తప్పుగా ఉంది. మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా ఇంత నిజాయితీగా తప్పు నేసి ఉండరు. ఆవిడ మూతి ముడుచుకుని, బయట ఇంకో షాపుకు వెళ్ళిపోయింది.

నాయనకు కోపం షావుకారు మీద రాలేదు, టీచరమ్మ మీద రాలేదు. ఆ చిత్రకారుడి మీద వచ్చింది. ఒక పోస్టుకార్డు కొని, పత్రిక చిరునామాకు రాశాడు. "ముఖచిత్రం వేసినవారికి నమస్కారములు" అని మొదలుపెట్టి, నెమళ్ళ సంగతి మొత్తం, మగ్గం మీద అంచు ఎలా సాగుతుందో అంతా చీమల బారు అక్షరాల్లో రాసి, కింద పేరు పెట్టకుండా "ఇట్లు, గ్రాఫు గీసేవాడు, ధర్మవరం" అని వీధి పేరు, ఇంటి నెంబరు రాశాడు. అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. పట్నంలో కూర్చున్న ఆ పెద్దమనిషికి మన నెమళ్ళ గోల చదివే తీరిక ఎక్కడిది?

పది రోజులకు జవాబు వచ్చింది. అది కూడా కార్డే. అంచు తెగకుండా సాగుతుందని తనకు తెలుసుగానీ, వేసేటప్పుడు ఎన్నడూ ఆలోచించలేదని, సిగ్గుగా ఉందని, ఇకమీదట ఇంట్లో ఒక చీరను మేకుకు తగిలించి చూసి వేస్తానని రాశాడు. నెల తిరక్కముందే ఆయన ముఖచిత్రం ఇంకొకటి వచ్చింది. కూర్చున్న బొమ్మ, ఒళ్ళో చేట, అంచు మీద హంసలు. నాయన భూతద్దం తీశాడు. ఒక్క హంస కూడా మెడ తిప్పలేదు. ఆ అట్టను గోడకు అతికించాడు. కార్డును దాని కిందే మేకుకు గుచ్చాడు. ఆ రెండూ అలా ఏళ్ళ తరబడి ఉన్నాయి.

ఆ బొమ్మలు గొప్పవని నేను అనడం లేదు. సగం వాటిలో ఆడదానికి చేయగల పని ప్రమిద పట్టుకోవడం, పావురానికి గింజలు వేయడం, ఉత్తరం కోసం గుమ్మంలో నిలబడడం. కానీ కనీసం వాటి వెనక ఒక మనిషి ఉన్నాడు, కార్డు రాస్తే సిగ్గుపడేవాడు.

తొంభైలు సగం గడిచేసరికి బొమ్మలు పోయి ఫోటోలు వచ్చాయి. సినిమా తారలు అట్టలెక్కారు. మొదట్లో నిలువెత్తున, చీరల్లో వచ్చారు. తర్వాత నడుము వరకు, తర్వాత భుజాల వరకు, చివరికి గడ్డం నుంచి నుదుటి వరకు మిగిలారు. చీర పోయింది. ఉన్నప్పుడు కూడా ఫోటోగ్రాఫరుకు పళ్ళే ముఖ్యం గనుక అంచు మసకలోనే ఉండేది. నాయన భూతద్దం పెట్టి చూస్తే చుక్కలు తప్ప ఏమీ కనిపించేవి కావు. అంతటితో ఆగారా? ముఖం మీద అక్షరాలు కూడా మొదలయ్యాయి. ఇదివరకు పత్రిక పేరూ తేదీ ఒక మూల ఒదిగి ఉండేవి. ఇప్పుడు ఒకామె బుగ్గ మీద మధుమేహం, ఇంకొకామె మెడ చుట్టూ మొలలకు చిట్కాలు. పాపం, ఆమె నవ్వుతూనే ఉండేది. మా బంకాయన కూడా కొత్త సంచికలు తాడుకు వేలాడదీస్తూ, "ఆస్పత్రి బోర్డు మాదిరి ఉండాయి" అని గొణిగేవాడు. రెండువేల సంవత్సరం దాటాక అట్టల మీద షాంపూలు, టీపొడి పొట్లాలు అతికించి ఇవ్వడం మొదలైంది. పొట్లం పీక్కుని పత్రికను బస్సు సీటులో వదిలేసిన వాళ్ళను నేనే చూశాను. వాళ్ళకు బుద్ధి ఎక్కువని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇంత అసహ్యించుకున్నదాన్ని నేను చేసిందేమిటి? డిగ్రీ తప్పి, కంప్యూటరు నేర్చుకుని, హిందూపురంలో ఒక ఆడవాళ్ళ మాసపత్రికలో ముఖచిత్రాలు తయారుచేసే ఉద్యోగంలో చేరాను. పొద్దున ధర్మవరంలో పాసింజరెక్కడం, సాయంత్రం అదే రైల్లో రావడం. ఆ పత్రిక పెట్టినాయనకు ప్రింటింగు ప్రెస్సు, ఇళ్ళస్థలాల వ్యాపారం ఉండేవి. పత్రిక అంటే ఆయన లెక్కలో ప్రకటనలను కలిపి కుట్టే దారం. తెలుగు, కన్నడం కలిపి మాట్లాడేవాడు, రెండింటిలోనూ ఒక్క పేజీ చదివేవాడు కాదు. సంపాదకుడిగా ఆయన పేరే ఉండేది.

నేను మాత్రం తక్కువ తిన్నానా? అక్షరాలకు నీడ పెట్టడం నేర్చుకున్న రోజు ప్రతి అక్షరానికీ నీడ పెట్టాను. మెరుపు పెట్టడం నేర్చుకున్న వారం అమ్మాయి ముక్కుపుడక మీద, గాజుల మీద, పళ్ళ మీద కూడా నక్షత్రాలు మెరిపించాను. ఒకే అట్ట మీద ఏడు రంగులు వాడి, ఎనిమిదోది ఎందుకు లేదా అని బాధపడ్డాను. ఇంటికి తెచ్చి చూపిస్తే నాయన, "బాగుండాది పాపా, దీపాలంగడి మాదిరి" అన్నాడు. దాన్ని నేను మెప్పు కింద తీసుకున్నాను. ఒళ్ళు తెలియని పొగరు మరి.

అదే సమయంలో నాయన పని ఎండిపోతూ వచ్చింది. గ్రాఫులు కూడా కంప్యూటర్లో గీసేవాళ్ళు ధర్మవరంలో నాలుగు వీధుల్లో వెలిశారు. షావుకారు పని ఇవ్వడం మానలేదుగానీ, తగ్గించాడు. ఖాళీగా కూర్చోలేక నాయన తన సొంతంగా ఒక అంచు గీశాడు. మామిడిపిందె కాదు, నెమలి కాదు, రుద్రాక్ష కాదు. శెనక్కాయ ఆకు, వేరుశెనగ అంటారే, అది. మా జిల్లాలో ఎటు చూసినా కనిపించేది, ఎవరూ చీర మీద చూడనిది. శెనక్కాయ చెట్టు ఆకులు పగలు విచ్చుకుని, పొద్దుగూకితే జతలుగా ముడుచుకుంటాయి. నాయన అంచులో ఒకటి విచ్చుకున్న ఆకు, దాని పక్కన ఒకటి ముడుచుకున్న ఆకు, అలా పొడుగునా సాగుతాయి. షావుకారు మగ్గం మీదే మచ్చుకు, వంగపండు రంగు మీద జరీతో నేసిన ఆ చీరను చూసినప్పుడు నేను నాయన భూతద్దం లాక్కుని, అంచు పొడుగునా ఆకులు లెక్కపెట్టాను. అది మటుకు నిజం.

షావుకారు మాత్రం పెదవి విరిచాడు.

"శెనక్కాయ చెట్టును పట్టుచీరమీద ఎవురు కట్టుకుంటారప్పా? పొలంలో చూసేది సాలదా?"

"ఒకసారి జనాల కంట్లో పడనీండి" అన్నాడు నాయన.

"పడితే చూద్దాంలే. నలుగురు అడిగితే పది మగ్గాలకు ఎక్కిస్తా."

జనాల కంట్లో పడేలా చేయడం నా చేతిలో పని అని నేనే ఎగిరాను. ఉగాది సంచిక అట్ట మీద ఈ చీర వేయిస్తానని మాటిచ్చాను. ఆ సాయంత్రం నాయన గోడమీది పాత అట్ట దుమ్ము తుడిచాడు.

పత్రిక పెట్టిన హిందూపురం సారు ఒప్పుకున్నాడు, ఎందుకంటే చీర ఊరికే వస్తోంది. అమ్మాయి ఆయన బావమరిది కూతురు, కాలేజీలో చదువుకునేది. ఫోటోలకు పెనుకొండ కోటలో పాత మహలు మెట్లు అనుకున్నాం. నాయన చీరను తెల్ల పంచెలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని పెనుకొండదాకా పాసింజర్లో వచ్చాడు. ఆ అమ్మాయికి నెత్తిమీద చలవకళ్ళద్దాలు, చేతిలో ఫోను. ఫోటోగ్రాఫరు పెళ్ళిళ్ళు తప్ప ఇంకేదీ తీసి ఎరగడు, ఆమెను పెళ్ళికూతురిలా తలవంచమని చంపుకుతిన్నాడు. ఈ గోలలో నాయన ఒక్కడే ఏం చేయాలో తెలిసిన మనిషి. అమ్మాయి పై మెట్టు మీద నిలబడితే, కింద మెట్టు మీద గొంతుకూర్చుని, చీర అంచును మెట్ల మీదుగా పరిచాడు. విచ్చుకున్న ఆకు ఎంత కనబడుతోందో ముడుచుకున్న ఆకూ అంతే కనబడాలని, లేచి దూరంగా వచ్చి చూడడం, మళ్ళీ వెళ్ళి సర్దడం. ఆ ఎండలో గంటసేపు. అమ్మాయి విసుగ్గా, "అంకుల్, ఫేస్ కదా ముఖ్యం" అంది. నాయన ఆమె వంక చూసి, "ఔనమ్మా, అదీ ఉండాల్లే" అన్నాడు.

ఫోటో బాగా వచ్చింది. కంప్యూటరు తెర మీద చూస్తే మెట్ల మీద అంచు ఆకు ఆకుగా లెక్కపెట్టేలా ఉంది. నేను పైన, కొండ వెనక ఆకాశంలో పత్రిక పేరు పెట్టి, దాని కింద మూడు రంగుల్లో నీడలతో, 'వేసవిలో చర్మం', 'మీ ఆయన మీ మాట వినాలంటే', 'పచ్చళ్ళ ప్రత్యేకం' అని కుడిపక్క ఆకాశం మొత్తం నింపేశాను. అమ్మాయి ఎడమపక్కకు చూస్తోంది, నా అక్షరాలేమో కుడిపక్కన ఉన్నాయి. ఒక మీట నొక్కి ఫోటోను అద్దంలో మాదిరి తిప్పేశాను. ఇప్పుడు ఆమె నా అక్షరాల వైపు చూస్తోంది. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

అప్పుడు సారు వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఏమ్మా, బంగారంగడాయన కుంకుమ పొట్లాలు ఇస్తాన్నాడు. అట్టమీద అంటించల్ల. దుడ్లు ఇచ్చేది ఆయప్పే కదా, బాగా కనపడేటట్ల జాగా ఇడువు."

జాగా ఎక్కడ అని ఆయన చెప్పలేదు. ఇది నేను దాచదలచుకోలేదు. ఆకాశంలో నా మూడు శీర్షికలు తీసేస్తే పొట్లానికి కావలసినంత చోటుంది. వాటి నీడలు కుదర్చడానికి నాకు సగం రోజు పట్టింది గనుక తీయబుద్ధి కాలేదు. మిగిలింది కింద మెట్లు. అతికించే ఆడవాళ్ళకు గుర్తు కోసం మెట్ల మీద ఒక పచ్చ డబ్బా గీసి, అందులో 'ఉగాది కానుక, కుంకుమ ఉచితం' అని రాసి ప్రెస్సుకు పంపేశాను. నాయన సంగతి గుర్తుకు రాకపోలేదు. అంచు కొసలు రెండుపక్కలా కాస్త కనిపిస్తున్నాయి కదా, చాల్లే అనుకున్నాను.

సంచిక వచ్చిన రోజు ఇంటికి తీసుకెళ్ళాను. నాయన చేతులు కడుక్కుని, తుండుతో తుడుచుకుని, గుమ్మం దగ్గర వెలుతురుకు పట్టుకున్నాడు. అమ్మ భుజం మీదుగా తొంగిచూసి, "ఈ పిల్ల కుడిపైట ఏసుకున్నాదే?" అంది. అప్పుడు చూశాను. అద్దంలా తిప్పితే పైట కూడా తిరుగుతుంది. ధర్మవరంలో, మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన ఆడదాన్ని, పైట ఏ భుజం మీద ఉంటుందో చూసుకోలేదు.

నాయన పొట్లం మీద వేలుపెట్టి, "దీని కిందేనా ఉండాది?" అన్నాడు.

ఆయన తడిగుడ్డ తెచ్చి పొట్లం చుట్టూ అద్దుతూ, కాగితం చిరగకుండా, అంచెలంచెలుగా ఊడదీశాడు. గ్రాఫు కాగితం మీద తప్పు చుక్కను గీకేటప్పుడు కూడా అంత ఓపిక పట్టేవాడు. పొట్లం వచ్చేసింది. కింద అంచు లేదు. పచ్చ డబ్బా, అందులో నా అక్షరాలు, వాటికి నీడ.

"చీర యాడికి పోయింది పాపా?"

"కంప్యూటర్లో అట్లనే వస్తాది నాయనా" అన్నాను. ఏమీ తెలియనివాడికి చెప్పినట్టు, విసుగ్గా కూడా అన్నాను.

షావుకారు ఇంకా తేలిగ్గా తేల్చేశాడు. "కుంకుమ బాగుండాది. ఆకు యాడుందప్పా?" అని నవ్వి, ఉన్న ఒక్క చీరనూ ఎవరికో అమ్మేశాడు. పది మగ్గాల మాట మళ్ళీ ఎత్తలేదు. శెనక్కాయ ఆకు అట్టల దండ మా ఇంటి దూలానికి వేలాడి, బూజు పట్టింది. నాయన ఆ తర్వాత కొత్త అంచు ఏదీ గీయలేదు.

మూడు వారాల తర్వాత హిందూపురం ఆఫీసుకు వచ్చిన టపాలో ఒక పోస్టుకార్డు కనబడింది. చీమల బారు అక్షరాలు. నిలబడే చదివాను.

"ముఖచిత్రం వేసినవారికి నమస్కారములు. మీ ఉగాది సంచికలో అమ్మాయి పైట కుడిభుజము మీద ఉన్నది. అంచులో విచ్చిన ఆకు, ముడిచిన ఆకు రెండూ ఉండవలెను. మీరు వేసిన డబ్బా వలన ఒక్కటియును పూర్తిగా కనిపించలేదు. ఇకమీదట చీరను మేకుకు తగిలించి చూసి వేయగలరు. ఇట్లు, గ్రాఫు గీసేవాడు, ధర్మవరం." కింద మా వీధి పేరు, మా ఇంటి నెంబరు.

రోజూ రాత్రి నా పక్కన కూర్చుని అన్నం తినే మనిషి, పోస్టాఫీసుకు నడిచివెళ్ళి, కార్డు కొని, నన్ను మీరు అని రాశాడు. జవాబు రాద్దామని రెండుసార్లు కార్డు కొన్నాను. ఏమని రాయాలి? సిగ్గుగా ఉందని ఆ చిత్రకారుడు ఎవరో తెలియని మనిషికి రాయగలిగాడు. నాకు ఆపాటి సిగ్గు కూడా లేకపోయింది, పొగరొక్కటే ఉంది. నాయన కార్డును సంచిలో వేసుకుని తిరిగాను.

నెలో, ఇంకా ఎక్కువో గడిచింది. ఒకరోజు భోజనాల దగ్గర నాయన తలెత్తకుండానే అడిగాడు.

"మీ ఆఫీసుకు సదివేవాళ్ళ కార్డులు వస్తాంటాయా పాపా?"

"వస్తాంటాయి నాయనా. ఎవురు సదువుతారు అవన్నీ" అన్నాను. నా సంచి ఆయన వెనక గోడకు, ఆ చిత్రకారుడి పాత కార్డు పక్క మేకుకే వేలాడుతోంది.

"సరేలే" అని నాయన పళ్ళెంలో చెయ్యి కడుక్కున్నాడు.